చేత్తో రాసిన దారి

ఆయన్ని ఆ భవనంలో అందరూ ఆగండిగారు అని పిలిచేవారు. అసలు పేరు గుమ్మం దగ్గర హాజరు వేసుకునే యంత్రానికి తప్ప ఇంకెవరికీ గుర్తున్నట్టు లేదు.

అది అత్యవసర ఫోన్లు అందుకునే కేంద్రం. ఎక్కడ ఏ ప్రమాదం జరిగినా, ఎవరు ఎక్కడ కుప్పకూలినా, జనం కంగారుగా నొక్కే నంబరు చివరికి వచ్చి మోగేది ఆ హాల్లోనే. హాల్లో వరసగా కుర్చీలు, ప్రతి కుర్చీ ముందూ ఒక తెర, కుర్చీలో హెడ్‌సెట్ తగిలించుకున్న మనిషి. హాలు వెనక అద్దపు గోడ. గోడకి అవతల ఎప్పుడూ చల్లగా ఉండే ఇరుకు గది. అందులో నిలువెత్తు ఇనప ర్యాకులు, వాటి నిండా మినుకుమినుకుమనే దీపాలు, చిక్కుతీసి జడ అల్లినట్టు కట్టిన కేబుళ్ళు. ఆ గది ఆగండిగారిది. బయటి గొంతు ఏ తీగ మీద వచ్చి ఏ కుర్చీకి చేరాలో, కుర్చీలోని గొంతు ఏ తీగ మీద తిరిగి వెళ్ళాలో చూసే రౌటర్ ఆయన చేతి కింద ఉండేది.

పేరెలా వచ్చిందంటే, రౌటర్‌కి ఏ ఆదేశం ఇవ్వాలన్నా ఆయన దాన్ని మొత్తం టైపు చేసి, ఎంటర్ మీట నొక్కే ముందు రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకునేవాడు. "ఆగండి" అనేవాడు. గదిలో వేరే మనిషి ఉండడు. ఆ మాట తనకి తను చెప్పుకునేదే. తర్వాత రాసినదాన్ని చివరి నుంచి మొదటికి ఒకసారి పెదవులతో చదువుకుని, అప్పుడు నొక్కేవాడు. తనని తాను కూడా మీరు అని మన్నించుకునే మనిషిని ఇంతవరకూ చూడలేదని హాల్లో వాళ్ళు నవ్వుకునేవారు.

అందరికంటే ఎక్కువ నవ్వేది ఆయన భార్య. ఆవిడా అక్కడే పనిచేసేది, ఫోన్లు అందుకునే కుర్చీలో. అద్దపు గోడని ఆనుకుని ఉన్న కుర్చీ ఆవిడది. హాల్లో ఆవిడ అందరికీ అక్కయ్య. ఇంట్లో ఆయన పొయ్యి ముందు నిలబడితే చాలు, పక్కనుంచి తగులుకునేది. "మీరు ఆగండి అనుకుని చదువుకునేలోపు పాలు ఆగవు. దింపండి ముందు" అనేది. కూరగాయల బండి దగ్గర ఆయన ఆలోచిస్తూ నిలబడితే, మనం కొనేలోపు ఇవి విత్తనాలకి పనికొస్తాయి అని బండివాడికి చెప్పేది. ఆయన నవ్వేసేవాడు. మాటకి మాట తిరిగి అప్పజెప్పడం ఆయనకి చేతకాదు. అరగంట తర్వాత మంచి జవాబు తోచేది, అప్పటికి ఆవిడ ఇంకో విషయంలోకి వెళ్ళిపోయి ఉండేది.

ఆ ఉద్యోగంలోకి ఆయన వచ్చిన తీరే విచిత్రం. కుర్రతనంలో ఇంటర్వ్యూకి బయల్దేరుతుంటే, అక్క మొగుడు ఒక కాగితం మీద దారి రాసి జేబులో పెట్టాడు. పలానా చోట దిగు, కుడివైపు తిరుగు, వంతెన దాటు, ఎదురుగా కనిపించేదే. బావ రాతంటే ఆయనకి వేదవాక్కు. వంతెనకి ముందు టీకొట్టు మనిషి, చెప్పులు కుట్టేవాడు, సైకిలు మీద పోయే ఎవరో పెద్దమనిషి, అందరూ ఒకటే మాట చెప్పారు: వంతెన పడగొట్టేశారు, అటు చుట్టు తిరిగి వెళ్ళమని. ఈయన కాగితం తీసి చూసుకున్నాడు. వంతెన దాటు అనే ఉంది. అందరికీ తలూపి తిన్నగా నడిచి, ఇనప ఊచలు పైకి పొడుచుకొచ్చిన మొండి గోడ దగ్గర ఆగాడు. కింద నీళ్ళు. ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. వెనక్కి వచ్చి చుట్టు తిరిగి, చెమటలు కక్కుకుంటూ ఆఫీసుకి చేరేసరికి అందరూ లేచిపోతున్నారు.

ఇంటర్వ్యూ చేసేవాళ్ళలో ఒక ముసలాయన ఉండేవాడు. నెట్‌వర్కు పనంతా ఆయన చేతుల మీద నడిచేది. పెద్దాయన అనేవారు. ఎందుకాలస్యం అని అడిగితే కుర్రాడు ఉన్నదున్నట్టు చెప్పాడు. పెద్దాయన కళ్ళజోడు తీసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీకీ పని వస్తుందిరా అబ్బాయ్. రౌటర్ కూడా అచ్చం నీలాంటిదే" అన్నాడు.

తర్వాత ఆ ర్యాకుల గదిలో కూర్చోబెట్టి, ఆ మాటకి అర్థం చెప్పాడు. ఒకే చోటికి వెళ్ళడానికి రౌటర్‌కి రకరకాలుగా దారులు తెలుస్తాయి. ఒకటి, తన ఒంటికి తగిలించి ఉన్నది. కేబుల్ తన పోర్టులోనే ఉంది, ఆ చోటు తన గుమ్మం ముందే ఉంది. దానికి ఎవరి సాక్ష్యమూ అక్కర్లేదు. దాన్నే అన్నిటికన్నా ముందు నమ్ముతుంది. రెండోది, మనిషి చేత్తో రాసిచ్చిన దారి. పలానా చోటికి పలానా పోర్టులోంచి పో అని మనం టైపు చేస్తే, దాని నమ్మకంలో అది రెండో మెట్టు. మూడోది ఇరుగుపొరుగు మాట. చుట్టుపక్కల రౌటర్లు ఎప్పటికప్పుడు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉంటాయి, ఇటు దారి తెగింది, అటు బాగుంది అని. అది బోలెడంత కింది మెట్టు. పై మెట్టు మీద దారి ఉన్నంతసేపూ కింది మెట్టు మాట రౌటర్ చెవిన వేసుకుంటుంది కానీ పాటించదు.

"మరి ఇరుగుపొరుగు చెప్పేదే తాజా కబురు కదండీ" అన్నాడు కుర్రాడు.

"వంతెన దగ్గర నువ్వేం చేశావు?" అన్నాడు పెద్దాయన.

ఆ రోజునుంచీ ఆగండిగారు అయ్యాడు. మొండి గోడ దాకా వెళ్ళి ఆగడం కంటే ముందే ఆగడం నేర్చుకోవాలనుకున్నాడు. చేత్తో రాసేదాన్ని యంత్రం ఎదురు చెప్పకుండా నమ్ముతుంది కాబట్టి, రాసే చెయ్యే ఒకసారి తనని తాను అనుమానించుకోవాలి. ఆయన ఉద్యోగమంతా ఆ ఒక్క ఊపిరి మీద నడిచింది. పెళ్ళయింది, పెద్దాయన పదవీ విరమణ చేసి కూతురింటికి వెళ్ళిపోయాడు, జుట్టు పలచబడింది. ఆ గదిలోంచి చెప్పుకోదగ్గ కబురేదీ బయటికి రాలేదు. అలా రాకపోవడమే ఆయన పనితనం.

ఆ మధ్యాహ్నం దాకా.

పొద్దుటినుంచీ ఈదురుగాలి. చెట్లు తీగల మీద పడి నగరంలో సగం కరెంటు పోయింది. కేంద్రంలో జనరేటర్ నడుస్తోంది కాబట్టి దీపాలు వెలుగుతున్నాయి. భోజనాల వేళ దాటాక ఎక్స్ఛేంజి నుంచి ఫోను వచ్చింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆయనలాంటి పనే చేసే అమ్మాయి. ఇన్నేళ్ళలో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, ఆయన చెల్లెమ్మా అంటాడు, ఆమె అన్నయ్యా అంటుంది, అంతే బంధుత్వం.

"అన్నయ్యా, మీకూ మాకూ మధ్య వీధి చివర డబ్బా ఉంది చూడండి, మొదటి లైనుది. దాని బ్యాటరీ ఎర్రగా చూపిస్తోంది. మావాళ్ళు జనరేటర్ బండితో బయల్దేరారు గానీ దారిలో చెట్టు పడి ఇరుక్కుపోయారు. ఎంతసేపు నిలబడుతుందో చెప్పలేను."

ఆయన పెద్దగా కంగారు పడలేదు. ఎక్స్ఛేంజికి రెండు లైన్లున్నాయి. రెండోది వేరే వీధి మీదుగా వెళ్తుంది. మొదటిది పోతే ఇరుగుపొరుగు రౌటర్లు చెప్పుకుంటాయి, గొంతులు రెండోదానిలోకి మళ్ళుతాయి. ఎందుకైనా మంచిదని రౌటర్ దగ్గరున్న దారుల పట్టిక తెర మీదికి తెచ్చాడు. ఎక్స్ఛేంజికి వెళ్ళే దారి ఎదురుగా, నేరుగా తగిలించి ఉంది అని రాసి ఉంది. మంచిదే అనుకున్నాడు. ఒంటికి తగిలి ఉన్న కేబుల్ ఊడితే రౌటర్‌కి వెంటనే తెలుస్తుంది, తనే ఆ దారి వదిలేస్తుంది. కుర్చీ వెనక్కి జరిపి లేవబోయాడు.

అలవాటు చొప్పున ఇంకోసారి చదివాడు, చివరి నుంచి మొదటికి. ఆ వాక్యం మొదట్లో ఒక గుర్తు ఉంటుంది, ఆ దారి ఏ తరగతిదో చెప్పే గుర్తు. అది నేరుగా తగిలించినవాటి గుర్తు కాదు. చేత్తో రాసినవాటిది.

ఆయన కుర్చీ మళ్ళీ ముందుకి జరుపుకున్నాడు.

ఎప్పుడో పెద్దాయన రాసిన దారి అది. ఎదుటి రౌటర్ చిరునామా చెప్పకుండా, ఈ పోర్టులోంచి పంపెయ్ అని మాత్రం రాశాడు. అలా రాస్తే పట్టికలో అది నేరుగా తగిలించినట్టే కనిపిస్తుంది, వేషం అది, మెట్టు మాత్రం చేతిరాతదే. ఆ మెట్టు మీద ఉన్నంతకాలం ఇరుగుపొరుగు మాట చెల్లదు. కేబుల్ బతికుందని చూపే పోర్టు దీపం ఆరితేనే రౌటర్ ఆ రాతని వదులుతుంది. ఆ పోర్టు దీపం ఎప్పుడు ఆరుతుంది? ఆయన వంగి ర్యాకు అడుగున చూశాడు. కేబుల్ పోర్టులోంచి తిన్నగా వీధిలోకి పోవడం లేదు. అదే ర్యాకులో ఉన్న, ఒక రకం తీగ నుంచి ఇంకో రకం తీగకి మార్చే చిన్న పెట్టెలోకి వెళ్తోంది. ఆ పెట్టెకి ఈ గది కరెంటే. వీధి చివరి డబ్బా చచ్చిపోయినా ఈ పెట్టె బతికే ఉంటుంది, పోర్టు దీపం పచ్చగా వెలుగుతూనే ఉంటుంది. రౌటర్ ధైర్యంగా ప్రతి గొంతునీ తెగిపోయిన దారిలోకి తోసేస్తుంది. ఉలుకూ పలుకూ ఉండదు.

మళ్ళీ వంతెన. మళ్ళీ కాగితం.

చెయ్యాల్సిన పని చిన్నదే. ఆ చేతిరాతని చెరిపెయ్యనక్కర్లేదు కూడా. అదే దారిని మళ్ళీ రాసి, చివర్న ఒక పెద్ద అంకె వేస్తే చాలు. రౌటర్ లెక్కలో అంకె పెరిగేకొద్దీ నమ్మకం తగ్గుతుంది. పెద్దాయన రాత ఇరుగుపొరుగు మాట కంటే కింది మెట్టుకి దిగుతుంది, గొంతులు రెండో లైనులోకి మళ్ళుతాయి. ఆయన ఎక్స్ఛేంజికి ఫోను చేసి చెల్లెమ్మకి సంగతి చెప్పాడు. రెండో లైనులో ఒక పరీక్ష పంపితే శుభ్రంగా వెళ్ళి వచ్చింది. అటునుంచి ఇటు వచ్చే గొంతుల్ని ఆమె మళ్ళిస్తానంది. ఇటునుంచి అటు వెళ్ళేవి ఆయన మళ్ళించాలి.

హాల్లోకి వచ్చి ఇన్‌ఛార్జి మేడమ్‌కి చెప్పాడు. ఆవిడ మెత్తని మనిషే గానీ నియమం దగ్గర గట్టిది. ఫోన్లు నడుస్తుండగా రౌటర్ మీద చెయ్యి వెయ్యకూడదన్నది ఆ కేంద్రంలో రాసిపెట్టిన మాట. మార్చే క్షణంలో గొంతు ఒక్కసారి తెగి అతుక్కోవచ్చు. ఆవిడ హాలంతా చూసింది. ఒకటి రెండు ఫోన్లు ముగింపుకి వస్తున్నాయి. ఒక్కటి మాత్రం ముగిసేలా లేదు.

అది ఆగండిగారి భార్యది.

ఫోను అవతల ఒక అత్తగారు. ఊరి అంచున, ఇంకా జనం చేరని కొత్త అపార్టుమెంట్లో, అయిదో అంతస్తులో ఉంది. కోడలికి నొప్పులు. కొడుకు డ్యూటీలో ఉన్నాడు, లిఫ్టు లేదు, అంబులెన్స్ బయల్దేరింది కానీ గాలికి విరిగిన కొమ్మల్ని తప్పించుకుంటూ వస్తోంది. కరెంటు పోయి జనమంతా ఒకేసారి సెల్‌ఫోన్ల మీద పడ్డారు. ఎన్నోసార్లు నొక్కితే ఇప్పటికి లైను దొరికిందట. పైగా ఆమె ఫోన్లో ఛార్జింగు అడుగంటింది. ఈ లైను పోతే మళ్ళీ దొరుకుతుందన్న ఆశ లేదు, అటునుంచైనా ఇటునుంచైనా.

"ఇది అయ్యాక చెయ్యండి" అంది మేడమ్.

"బ్యాటరీ అప్పటిదాకా ఆగదేమోనండి."

"మీరే ఆగమనేవాళ్ళు కదా ఎప్పుడూ."

ఆమె ఎకసెక్కంగా అనలేదు. నిజంగానే అడిగింది. ఆయన ఎప్పటిలాగే జవాబు వెతుక్కుంటూ నిలబడ్డాడు. ఈసారి మాత్రం అరగంట పట్టలేదు. "తెలిసి తెంపితే ఒక్క క్షణం తెగుతుందండి. దానంతట అది తెగితే మళ్ళీ అతకదు" అన్నాడు.

మేడమ్ రెండు కళ్ళూ మూసి తెరిచింది. సరే, కానీ ఎవరూ మాట్లాడని సందు చూసి చెయ్యమంది. ఆ సందు ఫోనులో ఉన్న ఆయన భార్యే చూపించాలి. మేడమ్ వెళ్ళి ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసి చూపించింది. ఆవిడ మాట్లాడుతూనే చదివింది. అద్దంలోంచి మొగుడి వంక చూసింది. చిటికెన వేలు పైకెత్తింది. ఇంట్లో ఆయన నిద్రలో గురకపెడితే తట్టి చూపించే వేలు అది. నేను ఎత్తినప్పుడు అని అర్థం.

ఆయన గదిలోకి వచ్చి గొంతు నాణ్యత చూసే పరీక్ష రిసీవర్ చెవికి తగిలించుకున్నాడు. అవతలి అత్తగారి గొంతు చెవిలో పడింది. వణుకుతూనే దబాయిస్తోంది.

"నాకు ముగ్గురు పుట్టారమ్మా, పురుళ్ళు నాకు తెలియనివి కావు అని మావాడితో ప్రగల్భాలు పలికాను. నా పురుళ్ళప్పుడు నేనేం చూశాను, పడుకుని అరవడం తప్ప."

"అదే చాలు పెద్దమ్మా. ఇప్పుడు అరిచేపని మీ కోడలు చూసుకుంటుంది, చూసేపని మీరు చూడండి" అంది ఆయన భార్య. ఇంట్లో పాల గిన్నె గురించి మాట్లాడే గొంతు కాదది. లోతుగా, తొందర లేకుండా ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ గొంతుని ఇంత దగ్గరగా ఆయన వినడం అదే మొదలు.

ఆయన టైపు చెయ్యడం మొదలుపెట్టాడు.

నొప్పులు ఎంతెంతసేపటికి వస్తున్నాయో ఆవిడ అడిగింది. కోడలిని పక్కకి తిప్పి పడుకోబెట్టించింది. శుభ్రమైన తువ్వాళ్ళు ఎక్కడున్నాయో కనుక్కుంది. ఆ తర్వాత ఒక్క క్షణం ఆగి, "పెద్దమ్మా, ఇప్పుడు ఫోను అక్కడే పెట్టి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని రండి" అంది.

"పెట్టేసి పోతే లైను పోతుందేమోనమ్మా."

అద్దంలోంచి ఆవిడ ఆయన్నే చూస్తోంది. "పోదు. నేనిక్కడే ఉంటాను" అంది. చిటికెన వేలు పైకి లేచింది.

రిసీవర్లో అడుగుల చప్పుడు దూరమైంది. ఎక్కడో కోడలి మూలుగు. ఎక్స్ఛేంజి చెల్లెమ్మ రెండో ఫోనులో, తన వైపు మళ్ళించేశానని చెప్పింది. అత్తగారి ఇంటి చప్పుళ్ళు తెగకుండా వినిపిస్తూనే ఉన్నాయి. ఇక ఆయన వంతు. ఆదేశం మొత్తం తెర మీద ఉంది. మీట మీదికి వేలు వెళ్ళింది.

చేతులు వాటంతటవే ఒళ్ళోకి వచ్చేశాయి. ఆగండి.

అద్దం అవతల భార్య కళ్ళు పెద్దవయ్యాయి. వేలు ఇంకా పైకే ఉంది. ఆయన చివరి నుంచి మొదటికి చదివాడు. నమ్మకపు అంకె సరే. పోర్టు సరే. చేరాల్సిన చోటు చిరునామా...

అది ఎక్స్ఛేంజిది కాదు. తమ హాలుది. కంగారులో రోజూ చూసే అంకెలే వేళ్ళలోంచి వచ్చేశాయి. హాలు రౌటర్ ఒంటికి నేరుగా తగిలించి ఉన్న చోటు, అన్నిటికంటే పై మెట్టు. దానికి చేత్తో ఏ దారి రాసినా రౌటర్ కాదనదు, తప్పనీ చెప్పదు. తీసుకుని ఒక మూల పడేస్తుంది. ఆయన నొక్కి ఉంటే తెర మీద అంతా సవ్యంగానే కనిపించేది, పని అయిపోయిందనుకుని చేతులు దులుపుకునేవాడు, పెద్దాయన రాత ఎక్కడున్నది అక్కడే ఉండేది.

అంకెలు చెరిపి సరైనవి కొట్టడం మొదలుపెట్టాడు. అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. సందు మూసుకుపోయింది. అత్తగారు ఫోను ఎత్తింది.

"వచ్చానమ్మా. అయ్యో, తల కనిపిస్తోంది. అమ్మా, తల వచ్చేస్తోంది. ఏం చెయ్యను?"

"చెయ్యి మెల్లగా ఆనించండి పెద్దమ్మా, లాగొద్దు" అంది ఆయన భార్య.

"అమ్మా? ఉన్నావా?"

"ఉన్నాను. లాగొద్దు. దానంతటదే వస్తుంది."

"అమ్మా? పలకవేమమ్మా?"

ఎక్స్ఛేంజి ఫోనులోంచి చెల్లెమ్మ అరుస్తోంది, డబ్బా పోయింది అన్నయ్యా, పోయింది అని. అటునుంచి గొంతు రెండో లైను మీదుగా వస్తోంది. ఇటునుంచి గొంతు పోవడం లేదు. ఎదురుగా పోర్టు దీపం పచ్చగా, నిబ్బరంగా వెలుగుతోంది.

"లాగొద్దు పెద్దమ్మా" అని అద్దం అవతల ఆవిడ పెదవులు మళ్ళీ కదిలాయి. గొంతు పెంచలేదు. పెంచినా చేరదని ఆవిడకి తెలిసిపోయింది. కళ్ళు మాత్రం ఆయన చేతుల మీదే ఉన్నాయి.

"లైను పోయినట్టుంది" అంటోంది అత్తగారు, తనలో తనే. "ఆగిపోయింది తల. కదలడం లేదు. లాగనా? లాగేస్తాను, ఏం చేస్తాను మరి..."

చివరి అంకె పడింది. చేతులు మీటల మీదనుంచి లేవబోయాయి. ఆయన వాటిని లేవనివ్వలేదు. కళ్ళతోనే ఒక్కసారి చదివాడు. చివరి నుంచి మొదటికి. ఉద్యోగం మొత్తంలో ఆగండి అనకుండా ఆదేశం చదవడం అదొక్కసారే. నొక్కాడు.

పట్టికలో పెద్దాయన రాత మాయమైంది. దాని చోటులో ఇరుగుపొరుగు చెప్పిన దారి వచ్చి కూర్చుంది, ఇన్నేళ్ళూ గుమ్మం బయట నిలబడి పిలుపు కోసం చూస్తున్నట్టు.

"...లాగొద్దు పెద్దమ్మా, చెయ్యి తియ్యండి" అంటోంది ఆయన భార్య.

రిసీవర్లో ఒక ఊపిరి. ఇంకొకటి.

"తీశానమ్మా, తీశాను" అంది అత్తగారు. ఏడుస్తోంది. "ఎక్కడికి పోయావు తల్లీ?"

"ఎక్కడికీ పోలేదు. మీ కోడల్ని మెల్లగా ఊపిరి వదలమనండి. తల దానంతటదే వస్తుంది. మీ అరచెయ్యి కింద పట్టుకుని ఉంటే చాలు, పడిపోకుండా."

తర్వాతిదంతా ఆయన కూర్చునే విన్నాడు. తల వచ్చింది, భుజాలు వచ్చాయి, బిడ్డ అత్తగారి చేతుల్లోకి వచ్చింది. బిడ్డ ఏడవడం లేదంది. తువ్వాలుతో తుడవమంది ఆయన భార్య, వీపు మీద రుద్దమంది, ఇంకా రుద్దమంది, గట్టిగానే, ఏం కాదు అంది. హాల్లో మిగతా కుర్చీలవాళ్ళు ఇటే తిరిగి కూర్చున్నారు. మేడమ్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. రిసీవర్లో తువ్వాలు రాపిడి తప్ప ఇంకేమీ లేదు. లైను మళ్ళీ పోయిందేమోనని ఆయన పట్టిక వంక చూశాడు. దారి ఉంది. నిశ్శబ్దం అవతలి గదిలోది. దానికి ఆయన చెయ్యగలిగింది ఏమీ లేదు.

అప్పుడు ఒక సన్నని కూత వినిపించింది. తలుపు కీచుమన్నట్టు. తర్వాత ఇంకొకటి, కోపంగా.

"మీ గొంతే వచ్చినట్టుందని కోడలికి చెప్పండి" అంది ఆయన భార్య. అలా అంటూనే హెడ్‌సెట్ మైకుని చేత్తో మూసి, తల వంచుకుని, భుజాలు కుదిలిపోయేలా ఏడ్చింది. మళ్ళీ మైకు తెరిచి, బొడ్డుతాడు ముట్టుకోవద్దని, బిడ్డని తల్లి రొమ్ము మీద పెట్టి కప్పమని, మామూలు గొంతుతో చెప్పింది. కాసేపటికి రిసీవర్లో తలుపు బాదుతున్న చప్పుడు, అంబులెన్స్‌వాళ్ళ మాటలు, మెట్లెక్కి ఆయాసపడుతున్న మగ గొంతు. ఆ వెంటనే ఫోను ఆగిపోయింది. ఛార్జింగు అయిపోయి ఉంటుంది.

డ్యూటీ దిగే ముందు ఆగండిగారు పెద్దాయనకి ఫోను చేశాడు. చెవులు సరిగా వినపడవు కాబట్టి రెండేసిసార్లు చెప్పాల్సి వచ్చింది. మీ చేతిరాత దారి ఒకటి రౌటర్‌లో ఉందండీ, చెరపలేదు, కింది మెట్టుకి దింపాను అన్నాడు. పెద్దాయన చాలాసేపు గుర్తు చేసుకున్నాడు.

"అదా. రెండో లైను మరమ్మతులో ఉంటే రెండ్రోజులకని రాశాను. తీసెయ్యలేదూ ఎవరూ?"

"తీసెయ్యలేదండి."

"మంచి పని చేశావు, వెనక్కి నెట్టి" అన్నాడు పెద్దాయన. "ఉండనీ వెనక. ఎప్పుడైనా ఇరుగుపొరుగు కూడా నోరు మూసుకున్న రోజున పనికొస్తుంది."

బస్‌స్టాపులో ఆయన భార్య పక్కన నిలబడింది. గాలి తగ్గింది. రోడ్డు నిండా ఆకులు. అంత వేలెత్తి చూపిస్తుంటే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారేమిటని ఆవిడ అడిగింది. తప్పు టైపు చేశానని, నొక్కేసి ఉంటే ఏమయ్యేదో ఆయన చెప్పాడు. ఆవిడ విని తలూపింది.

"ఆగినందుకే బ్యాటరీ పోయేదాకా వచ్చింది కూడా" అన్నాడాయన. "అదీ నిజమే కదా."

బస్సు వచ్చింది. జనం ఎగబడ్డారు. ఆవిడ ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి, ఆయన మోచెయ్యి పట్టుకుని పైకి లాగింది. బస్సు కదిలినా ఆ చెయ్యి వదల్లేదు.